పొలం ఎలుకల పరాన్నజీవులు: తిరుపతి, చిత్తూరు సీమలో

ఎలుకల వల్ల వచ్చే రోగాలంటూ ప్లేగునీ, స్క్రబ్ టైఫస్‌నీ, లెప్టోస్పైరోసిస్‌నీ ఒకే మూటలో కట్టేయడం మనకు అలవాటు. మూట విప్పి చూస్తే ఆ మూడింటికీ ఎలుకతో ఉన్న సంబంధం మూడు రకాలు. ప్లేగులో ఎలుక తానే రోగి, మనకన్నా ముందు అదే చస్తుంది. లెప్టోస్పైరోసిస్‌లో అది రోగక్రిమికి గాదె. తనకు ఏ జబ్బూ లేకుండానే మూత్రంతో క్రిమిని నేల మీదికి వదులుతూ తిరుగుతుంది. స్క్రబ్ టైఫస్‌లో దాని పాత్ర ఇంకా చిన్నది. క్రిమిని మోసే పురుగుకు ఒక్కపూట కూడు పెట్టి, మరో చోట దింపి వెళ్లిపోతుంది. అందుకే ఒక ఊళ్లో ఏ రోగం వస్తుందో, ఏ నెలలో వస్తుందో తెలుసుకోవడానికి ఎలుకల లెక్క ఒక్కటే చాలదు. వాటి ఒంటి మీద బతికే పరాన్నజీవి ఎలుకను దిగాక ఎక్కడ కాపురం ఉంటుంది, జన్మలో ఎన్నిసార్లు తింటుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే రోగపు నడక చాలావరకు అర్థమవుతుంది. ఈ సంగతిని పరీక్షించి చూడటానికి పాత చిత్తూరు జిల్లా అంత అనువైన నేల తెలుగునాట మరొకటి లేదు.

2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా చీలి, తూర్పు భాగం నెల్లూరు జిల్లా ముక్కతో కలిసి తిరుపతి జిల్లా అయింది. పడమటి భాగం కొంత అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ఎలుకలకు ఈ హద్దులతో పనిలేదు గానీ నేల ఎత్తుపల్లాలతో పని ఉంది. పలమనేరు, కుప్పం వైపు నేల సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉండే చల్లటి పీఠభూమి, అవతల కోలారు పీఠభూమికి కొనసాగింపు. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు పల్లపు నేల, చెరువుల కింద మడులు. మధ్యలో శేషాచలం గుట్టలు, వాటి పాదాల దగ్గర కంప, పొద, బీడు. మడి గట్లలోనూ చెరకు తోటల్లోనూ ఉండేది పందికొక్కు జాతి. ఇంగ్లిషువాళ్ల ‘బాండికూట్’ అనే మాటకు తల్లి మన పందికొక్కే. కలుగు వాకిట మట్టి కుప్పగా పోసి, లోపల వడ్లు దాచుకునే చిన్న పందికొక్కును గుర్తుపట్టని రైతు ఉండడు. మెట్టల్లో, బీళ్లలో ఉండేది జెర్బిల్. పెద్ద కళ్లు, పొడుగాటి వెనక కాళ్లు, తోక కొసన కుచ్చు, గెంతుతూ పోయే నడక. వీటికి తోడు మెత్తని బొచ్చున్న పొలం ఎలుక, చిట్టెలుకలు. ఇళ్ల పంచల్లో తిరిగే కంపు చుంచు కూడా ఈ కథలో ఉంది. శాస్త్రం ప్రకారం అది అసలు ఎలుక జాతే కాదు, పురుగులు తిని బతికే వేరే జంతువు. పరాన్నజీవులు మాత్రం ఈ తేడా పాటించవు.

ఈ ప్రాంతంలో ఇవాళ అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది స్క్రబ్ టైఫస్. దీన్ని తెచ్చే బాక్టీరియా పేరు ఓరియెంటియా సుట్సుగముషి. జపాన్ భాషలో సుట్సుగ అంటే కీడు, ముషి అంటే పురుగు. ఆ కీడు పురుగును మన పత్రికలు ‘నల్లిని పోలిన పురుగు’ అని రాస్తున్నాయి. దీంతో ఒక చిక్కు వచ్చింది. నల్లి అనగానే జనం మంచం కోళ్ల సందుల్లో దాక్కునే పురుగును తలుచుకుని పరుపులు ఎండలో వేస్తున్నారు. రైతులు మిరపకు, కొబ్బరికి పట్టే తెగులును నల్లి అంటారు చూడండి, ఈ పురుగు ఆ కోవలోది, మైట్ జాతి. మన దేశంలో దీని ముఖ్యమైన రకం లెప్టోట్రాంబిడియం డెలియెన్సి. గుడ్డు నేలలో, పిల్ల నేల మీద, పెద్దయ్యాక మళ్లీ నేలలో, ఇదీ దాని జీవితం. మనిషిని కుట్టేది పిల్ల ఒక్కటే. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, ఆరు కాళ్లు, నారింజ రంగు. ఇలాంటివి గుంపుగా గడ్డి పరక కొసకు ఎక్కి, దగ్గరికొచ్చే ప్రాణి ఊపిరి గాలిని పసిగట్టి కాచుకుంటాయి. ఎలుక ఆ దారిన పోతే చెవి దొప్పలోకి చేరతాయి. పట్టిన ఎలుక చెవిని తిప్పి చూస్తే కుంకుమపువ్వు పొడి అంటినట్టు కనిపించేది ఈ పిల్లల గుంపే. అవి నెత్తురు పీల్చవు. తమ లాలాజలంతో చర్మాన్ని కరిగించి ఆ రసం తాగుతాయి. రెండు మూడు రోజులు తాగి, కడుపు నిండగానే రాలిపోతాయి. ఆ తర్వాత వాటికి జంతువుతో పని లేదు. పైమట్టిలో చిన్న పురుగుల గుడ్లు తింటూ పెద్దవవుతాయి.

మన వాదానికి కీలకం ఈ ఒక్కపూట భోజనంలోనే ఉంది. దోమకు రోగిని కుట్టాక ఇంకొకరిని కుట్టే అవకాశం ఉంటుంది. నల్లి పిల్లకు అది లేదు. జబ్బు ఎలుక మీద తిని క్రిమిని ఎక్కించుకున్నా, ఇంకొక ప్రాణిని కుట్టే యోగం దానికి మళ్లీ రాదు. ఆ క్రిమి మనిషి దాకా రావాలంటే పిల్ల పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టి, ఆ గుడ్లలోకి క్రిమిని పంపాలి. ఎలుక నుంచి అలా కొత్తగా ఎక్కిన క్రిమి తర్వాతి తరానికి చేరడం చాలా అరుదని ప్రయోగాలు చెబుతున్నాయి. ఇప్పటికే క్రిమి ఉన్న తల్లి నల్లి మాత్రం దాన్ని గుడ్ల ద్వారా తరం తర్వాత తరానికి ఇస్తూనే ఉంటుంది. కాబట్టి రోగపు గాదె నల్లి వంశమే, మోసేదీ నల్లే. కాణిపాకం ఉన్న జిల్లాలో ఎలుకకు వాహనమన్న హోదా కొత్తది కాదు గనక, ఇక్కడ కూడా దానికి ఆ మాటే సరిపోతుంది. తన కాళ్ల మీద నల్లి పిల్ల జన్మంతా నడిచినా కొన్ని మీటర్ల దూరం పోలేదు. ఎలుక ఎక్కితే ఒక గట్టు నుంచి మరో గట్టుకు, బీడు నుంచి ఇంటి పెరట్లోకి వస్తుంది. ఒకే పొలంలో ఒక మూల కూర్చున్నవాళ్లకు జ్వరం వచ్చి, పది గజాల అవతల పనిచేసినవాళ్లకు రాకపోవడానికి కారణమిదే. శాస్త్రజ్ఞులు వీటిని నల్లి దీవులంటారు. పుదుచ్చేరిలోని కీటక వ్యాధుల పరిశోధన కేంద్రం వాళ్లు పుదుచ్చేరి, తమిళనాడుల్లో బోనులు పెట్టి చూసి 2016లో ఫలితాలు ప్రకటించారు. బోనుల్లో ఎక్కువగా పడింది ఎలుకలు కాదు, చుంచులు. వాటి మీదా ఈ నల్లి పిల్లలున్నాయి. ఎలుకలను చంపినంత మాత్రాన నల్లికి కూడు కరువవదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక కాలం సంగతి. రాయలసీమ దక్షిణ కొసకు రెండు రుతుపవనాల వానా అందుతుంది, ఈశాన్యపు వాన ముఖ్యంగా తూర్పు మండలాలకు ప్రాణం. నేల తడిసి, గడ్డి మోకాలెత్తు పెరిగే ఆ నెలల్లోనే నల్లి పిల్లలు విపరీతంగా పైకి వస్తాయి. జూన్, జూలైల్లో వేసిన శెనక్కాయలు పీకేది అప్పుడే. పీకిన చెట్లను కుప్పేసి, ఆడవాళ్లు నేల మీదే చతికిలబడి కాయలు కోస్తారు. ఆవులకు గట్ల మీది పచ్చగడ్డి కోసి మోపు కట్టి నెత్తికెత్తుకునేదీ అప్పుడే. కాయ కోసం కలుగుల నుంచి ఎలుకలు కుప్పల దగ్గరికి చేరేదీ అప్పుడే. చిత్తూరుకు నలభై కిలోమీటర్ల లోపున్న రాయవేలూరు సీఎంసీ వైద్యులు 2001 అక్టోబరు నుంచి 2002 ఫిబ్రవరి దాకా చలికాలపు నెలల్లో వచ్చిన స్క్రబ్ టైఫస్ విజృంభణను లోకానికి చెప్పారు. అప్పటి నుంచీ ఆ ఆసుపత్రికి ఈ జబ్బు ప్రత్యేక అధ్యయనంగా మారింది. తిరుపతి స్విమ్స్ సూక్ష్మజీవశాస్త్ర పరిశోధకులు దక్షిణాంధ్ర రోగుల నమూనాల్లోని ఈ బాక్టీరియా రకాలను జన్యు పరీక్షలతో గుర్తించి 2016లో ప్రకటించారు. 2025 చివరి నెలల్లో రాష్ట్రమంతా ఈ జ్వరం పేరు మారుమోగినప్పుడు, జిల్లాల వారీ లెక్కల్లో చిత్తూరు ముందు వరసలో ఉండటానికి వెనక ఈ నేల, ఈ పంట, ఈ కాలం ఉన్నాయి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇదంతా కొత్త పరీక్షల మహిమ, ఐజీఎం ఎలీసా వచ్చాక పాత జ్వరానికే కొత్త పేరు పెట్టారు, అసలు రోగం పెరగలేదు అనేది ఆ మాట. అందులో సగం నిజం. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను ఈ జబ్బు ఎంత బాధించిందో వైద్య చరిత్రకు తెలుసు, కాబట్టి ఇది కొత్తది కాదు. వైల్-ఫెలిక్స్ అనే పాత పరీక్ష చాలా కేసులను పట్టుకోలేకపోయిన మాటా వాస్తవమే. అయితే మిగతా సగాన్ని మందుల చరిత్రలో వెతకాలి. ఒకప్పుడు టైఫాయిడ్ అనుకుని క్లోరాంఫెనికాల్ ఇచ్చేవారు, చాలా జ్వరాలకు టెట్రాసైక్లిన్ ఇచ్చేవారు. ఈ రెండూ స్క్రబ్ టైఫస్‌నూ తగ్గిస్తాయి. పేరు తెలియకుండానే రోగం నయమయ్యేది. తర్వాత టైఫాయిడ్ క్రిమి క్లోరాంఫెనికాల్‌కు లొంగడం మానేయడంతో వైద్యులు సిప్రోఫ్లాక్సాసిన్‌కూ, సెఫ్ట్రియాక్సోన్‌కూ మారారు. కణాల లోపల దాక్కునే ఓరియెంటియాను సెఫ్ట్రియాక్సోన్ తాకదు, సిప్రోఫ్లాక్సాసిన్‌ను నమ్ముకోలేం. ఎప్పటి నుంచో ఉన్న జబ్బు అలా మందు చాటు నుంచి బయటపడింది. ఆసుపత్రి లెక్కల మీద అనుమానం ఉన్నవారికి ఊళ్లలోనే జవాబు దొరికింది. సీఎంసీ పరిశోధకులు తమిళనాడు గ్రామాల్లో 30 వేల మందికి పైగా జనాన్ని రెండేళ్లపాటు ఇంటింటికీ వెళ్లి గమనించి, 2025లో ప్రకటించిన అధ్యయనంలో ఆసుపత్రి గడప తొక్కని కేసులు ఎన్నో లెక్కకు వచ్చాయి. పరీక్షలు రోగాన్ని పుట్టించలేదు, కనబడేలా చేశాయి.

మరో అభ్యంతరం అడవి గురించి. శేషాచలం ఉంది కాబట్టి జబ్బు ఉంది, అడవికి దూరంగా ఉంటే చాలు అంటారు. స్క్రబ్ అనే మాటే దీన్ని ఖండిస్తుంది, దాని అర్థం పొద, కంప. దట్టమైన నీడ కన్నా మనిషి చెడగొట్టి వదిలేసిన నేలంటేనే నల్లికి ఇష్టం. సాగు మానేసిన చేను, సర్కారు తుమ్మ అల్లుకున్న చెరువు గట్టు, వయ్యారిభామ నిండిన ఇళ్ల స్థలం అలాంటివే. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కే భక్తుడికి రాతి మెట్టు మీద ఈ పురుగు తారసపడదు, మెట్టు దిగి గడ్డిలో కూలబడితే తప్ప. తిరుపతి ఊరు పెరిగే కొద్దీ శివార్లలో ప్లాట్లు వేసి ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచిన నేలల్లో ఎలుక, చుంచు, గడ్డి మూడూ ఒకేచోట చేరతాయి.

ఇప్పుడు ప్లేగుకు వస్తే లెక్కంతా తలకిందులవుతుంది. ఇక్కడ పరాన్నజీవి ఎలుక ఒంటి మీద ఉండే రెక్కల్లేని గెంతు పురుగు. పాఠ్యపుస్తకాలు ఎలుక ఈగ అంటాయి, ఈగకూ దానికీ పోలిక లేకపోయినా పేరు నిలిచిపోయింది. దీని గుడ్లూ పిల్లలూ కలుగులోని దుమ్ములో పెరుగుతాయి. పెద్దది ఎలుకనెక్కి నెత్తురు తాగుతుంది, ఒకసారి కాదు, బతికినన్నాళ్లూ మళ్లీ మళ్లీ. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు గుట్టును 1898లో పాల్ లూయీ సిమోండ్ అనే ఫ్రెంచి వైద్యుడు విప్పాడు. చచ్చిన ఎలుక ఒళ్లు చల్లబడగానే ఈ పురుగులు దాన్ని వదిలి వెచ్చటి ఒంటి కోసం వెతుక్కుంటాయని కనిపెట్టాడు. 1914లో బేకట్, మార్టిన్ మిగతాది చూపించారు. ప్లేగు బాక్టీరియా పురుగు గొంతులో గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆకలితో అది పదే పదే కుడుతుంది, తాగిన నెత్తురు లోపలికి పోక క్రిమితో సహా తిరిగి గాయంలోకే కక్కుతుంది. ఇలా గొంతు మూసుకుపోవడం అన్ని రకాల్లో ఒకేలా జరగదు. క్జెనాప్సిల్లా కియోపిస్ అనే రకంలో బాగా జరుగుతుంది, క్జెనాప్సిల్లా ఆస్టియా అనే రకంలో తక్కువ. బొంబాయిని ఊడ్చేసిన ప్లేగు మద్రాసు నగరాన్ని పెద్దగా తాకకపోవడానికి అక్కడి ఎలుకల మీద ఆస్టియా ఎక్కువగా ఉండటమే కారణమని కొలంబోలో పనిచేసిన హర్స్ట్ వాదించాడు. ఎలుక అదే, ఊరు అలాంటిదే, పురుగు రకం మారితే మరణాల లెక్క మారిపోయింది.

ఈ చరిత్రకు చిత్తూరు జిల్లా బయటి నుంచి చూసే ప్రేక్షకురాలు కాదు. 1898లో బెంగళూరుకు చేరిన ప్లేగు కోలారు పీఠభూమిలో దశాబ్దాలు తిష్ఠ వేసింది. 1994లో మళ్లీ తలెత్తడానికి ముందు దేశంలో నమోదైన చివరి ప్లేగు కేసు 1966లో కోలారు జిల్లా ముళబాగిలు నుంచి వచ్చింది. పలమనేరు నుంచి బెంగళూరు బస్సెక్కితే ఆ ఊరి మీదుగానే పోవాలి. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడులు కలిసే ఆ మూలను, అంటే కుప్పం చుట్టుపక్కల నేలను, దేశంలోని నిద్రాణ ప్లేగు స్థావరాల్లో ఒకటిగా జాతీయ నిఘా ఇప్పటికీ లెక్కేస్తుంది. బెంగళూరులో ఇందుకు ప్రత్యేక ప్లేగు నిఘా విభాగం ఉంది. మైదానంలోని పొలం ఎలుకలు ప్లేగు తగిలితే చచ్చిపోతాయి. జెర్బిల్ మందల్లో కొన్ని తట్టుకుని మిగులుతాయి, కలుగుల చల్లటి తేమలో పురుగులూ మిగులుతాయి. చల్లటి పీఠభూమి ఈ పురుగుకు అనుకూలం, ఎండ మండే పల్లం కాదు. ఒకే జిల్లాలో ఎగువన ప్లేగు జాడ ఉండి, దిగువన లేకపోవడాన్ని ఎలుకల సంఖ్యతో వివరించలేం.

ఇంత చెప్పాక కూడా, ఎలుకే లేకపోతే ఈ బాధలేవీ ఉండవు కదా, మందు పెట్టి చంపేస్తే పోలా అనే మాట వస్తుంది. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమడియోలోన్ పెట్టడం పంట కోసమైతే సరే. ప్లేగు ఉన్న చోట అలా చేయడం చేతులారా నిప్పు రాజేయడమే. చచ్చిన ప్రతి ఎలుకా తన మీది పురుగులను మనవైపు తోలుతుంది. అందుకే ముందు కలుగుల్లో పురుగుమందు పొడి కొట్టి, ఆ తర్వాతే ఎలుకల జోలికి పోవాలన్నది ప్లేగు నివారణలో తిరుగులేని నియమం. స్క్రబ్ టైఫస్ విషయంలో చంపేవారి వాదానికి కొంత బలముంది. ప్రతి నల్లి పిల్లకూ ఒక భోజనం కావాలి, ఏళ్ల తరబడి ఎలుకలను అణచి ఉంచితే నల్లి సంతతి తగ్గక తప్పదు. అయితే చిన్న పందికొక్కు చూలు మూడు వారాలు, ఈతకు ఆరేడు పిల్లలు. ఒక వారం ఉద్యమంగా మందు పెట్టి ఊరుకుంటే రెండు మూడు నెలల్లో కలుగులు మళ్లీ నిండుతాయి. ఆలోగా మట్టిలోని నల్లి పిల్లలు ఆకలితో గడ్డి కొసన కాచుకునే ఉంటాయి. కలుగు తవ్వి ఎలుకలు పట్టే యానాదుల పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తవ్విన కలుగులోని ధాన్యం వాళ్ల కష్టానికి దక్కే ఫలం. ఎలుక మాంసం తినడం గురించి నాగరికులు మొహం చిట్లిస్తారు గానీ ఉడికిన మాంసంలో ఈ క్రిములేవీ బతకవు. ముప్పు ఉన్నది వాళ్లు గంటల తరబడి చేతులు పెట్టే మట్టిలో, కూర్చునే గట్టు మీది గడ్డిలో.

లెప్టోస్పైరోసిస్‌కు మధ్యలో పురుగే అక్కర్లేదు. క్రిమి ఎలుక మూత్రపిండాల్లో కాపురముండి మూత్రంతో బయటికొచ్చి, తడి మట్టిలో వారాల తరబడి బతుకుతుంది. పాదాల పగుళ్ల గుండా మనిషిలోకి దూరుతుంది. మడి దున్నేవారికీ, మురుగు కాలువలు తీసేవారికీ ఇది ఉద్యోగ వ్యాధి లాంటిది. ఇక ఎలుక పొట్ట కోసి చూస్తే కనిపించే పురుగుల జాబితా పొడుగే గానీ, మనకు వాటితో ముప్పు తక్కువ. కాలేయంలో తెల్లటి బుడగ కనిపిస్తే అది పిల్లి బద్దెపురుగు తాలూకు పిల్లదశ, ఎలుకను పిల్లి తింటే తప్ప ముందుకు సాగదు. హైమెనోలెపిస్ అనే ఎలుక బద్దెపురుగు పిండిపురుగుల ద్వారా చిన్నపిల్లల కడుపులోకి పోవచ్చు, ప్రాణాల మీదికి తేవడం అరుదు. ఎలుక నెత్తురులో ఈదే ట్రిపనోసోమా లెవిసీని 1878లో కలకత్తాలో తిమోతీ లూయిస్ చూశాడు, మనుషుల్లో అది కనిపించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

స్క్రబ్ టైఫస్‌కు టీకా లేదు. చికిత్స అందకపోతే సగటున నూటికి ఆరుగురు చనిపోతారని పాత కేసుల లెక్క, మందు పడితే ఒకరిద్దరు. డాక్సీసైక్లిన్ చవక మందు. తీవ్రమైన జబ్బుకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే ఏ ఒక్కదానికన్నా మెరుగని సీఎంసీ నాయకత్వంలో జరిగి 2023లో ప్రకటితమైన ప్రయోగంలో తేలింది. చిక్కంతా జబ్బును గుర్తుపట్టడంలో ఉంది. పురుగు కుట్టిన చోట బీడీ నిప్పు తగిలి మాడినట్టు నల్లటి పక్కు కడుతుంది, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు, దురద ఉండదు, రోగి చెప్పడు. చీర కుచ్చిళ్లు దోపే చోట, లుంగీ ముడి కింద, చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద వెతికితేనే కనబడుతుంది. జనం కిక్కిరిసిన ఓపీలో అలా వెతకడానికి తీరికా ఉండదు, మరుగూ ఉండదు. ఆడరోగి అయితే మరీ కష్టం.

నిఘా పద్ధతులు కూడా ఒక్కో పరాన్నజీవికి ఒక్కో రకం. ప్లేగు కోసం ఎలుకలను పట్టి, దువ్వి, ఒక్కో ఎలుకకు సగటున ఎన్ని కియోపిస్ పురుగులున్నాయో లెక్కిస్తారు. ఒకటి దాటితే ప్రమాద సూచన. ఊరకుక్కల రక్తమూ తీస్తారు, ఎలుకలను తిన్న కుక్క ప్లేగుతో చావదు గానీ దాని రక్తంలో ఆ జాడ మిగిలిపోతుంది. నల్లి కోసమైతే ఎలుకను పట్టనవసరమే లేదు. గట్టు మీద గడ్డి పక్కకు తొలగించి, అరచేయంత నల్ల పలక ఒకటి నేల మీద పెట్టి కొద్ది నిమిషాలు ఆగుతారు. నల్లి దీవి అయితే పలక మీద నారింజ రంగు చుక్కలు ఒక్కొక్కటే ఎక్కుతూ కనిపిస్తాయి. కాకపోతే పలక నల్లగానే ఉంటుంది, నాలుగడుగుల అవతల మళ్లీ పెట్టి చూస్తారు.